ఏసీ కంప్రెసర్ ఆన్ అవ్వట్లేదా? ‘కాలిపోయింది’ అంటే నమ్మేముందు ఇవి చెక్ చేయించండి..

ఎండాకాలంలో ఏసీ మెకానిక్ నోట వినకూడని మాట ఏదైనా ఉందంటే అది ‘కంప్రెసర్ పోయింది సార్’. ఆ ఒక్క మాటతో వేల రూపాయల ఖర్చు మీద పడుతుంది. కానీ కంప్రెసర్ తిరగనంత మాత్రాన అది కాలిపోయినట్టు కాదు. కొన్ని వందలకు దొరికే కెపాసిటర్ పోయినా, అవుట్‌డోర్ యూనిట్‌లో ఒక వైరు జాయింట్ మాడిపోయినా సరిగ్గా అలాగే ఉంటుంది. మరి అసలు లోపం ఎక్కడుందో ఎలా తేలుతుంది?

ముందే ఒక హెచ్చరిక.. అవుట్‌డోర్ యూనిట్ మూత మీరే తీసి చేయి పెట్టకండి. ఎంసీబీ ఆఫ్ చేసినా కెపాసిటర్‌లో కరెంట్ నిల్వ ఉంటుంది, గట్టి షాకే కొడుతుంది. కొత్త ఏసీల్లో వాడే ఆర్-32, ఆర్-290 గ్యాస్‌లకు మండే గుణం కూడా ఉంది. మీటరు పట్టే పని మెకానిక్‌కే వదిలేయాలి. పక్కన నిలబడి ఏం చూస్తున్నాడో అర్థం చేసుకుంటే మనకు చాలు.

మొదట చెవితో వినాలి. కరెంట్ పోయి వచ్చాక, లేదా ఏసీ ఆపి మళ్లీ వేశాక కంప్రెసర్ దాదాపు మూడు నిమిషాలు ఆగి స్టార్ట్ అవుతుంది. అది లోపం కాదు, రక్షణ కోసం పెట్టిన ఏర్పాటు. ఆ తర్వాత బయట ఫ్యాన్ గానీ, కంప్రెసర్ గానీ రెండూ కదలకపోతే అవుట్‌డోర్‌కు కరెంటే రావట్లేదేమో చూడాలి. ఇండోర్ బోర్డులోని రిలే, మధ్యలో వైరింగ్.. అనుమానం వీటి మీదే. ఫ్యాన్ తిరుగుతూ, కంప్రెసర్ ‘హుమ్మ్’ అని కొన్ని సెకన్లు మూలిగి టక్‌మని ఆగిపోతే కథ వేరు. అక్కడ ఫస్ట్ చూడాల్సింది కెపాసిటర్.

కెపాసిటర్ మీద మైక్రోఫారడ్ విలువ రాసి ఉంటుంది. 1.5 టన్నుల మామూలు ఏసీల్లో ఎక్కువగా 35 నుంచి 50 మధ్య ఉంటుంది. మీటరులో వచ్చే అంకె దాని మీద రాసినదానికి 5, 6 శాతం అటూ ఇటూ ఉంటే ఓకే. బాగా తగ్గిందంటే మార్చాల్సిందే. పైభాగం ఉబ్బినా అంతే.

కెపాసిటర్ బాగానే ఉంటే వోల్టేజ్. ఇక్కడ ఒక మెలిక ఉంది. ఏసీ ఆగి ఉన్నప్పుడు 220 చూపించి, కంప్రెసర్ లేచే క్షణంలో 170కి పడిపోయే ఇళ్లున్నాయి. స్టార్టింగ్‌లో కంప్రెసర్ మామూలు కంటే నాలుగైదు రెట్ల కరెంట్ లాగుతుంది. వైరు సన్నగా ఉన్నా, జాయింట్ లూజైనా అప్పుడే బయటపడుతుంది. అందుకే స్టార్ట్ అయ్యేటప్పుడే, అదీ అవుట్‌డోర్ టెర్మినల్ దగ్గరే వోల్టేజ్ చూడమనండి. స్విచ్ బోర్డు దగ్గర చూసి ‘కరెంట్ బాగానే ఉంది’ అంటే సరిపోదు.

ఇక అసలు పరీక్ష వైండింగ్‌ది. మామూలు కంప్రెసర్‌కు మూడు పిన్నులుంటాయి.. సీ అంటే కామన్, ఎస్ అంటే స్టార్ట్, ఆర్ అంటే రన్. మెయిన్ ఆఫ్ చేసి, వైర్లన్నీ పీకి మల్టీమీటర్‌ను ఓమ్స్‌లో పెట్టి చూస్తారు. సీ-ఆర్ మధ్య తక్కువ, సీ-ఎస్ మధ్య ఇంకాస్త ఎక్కువ రావాలి. ఆ రెండూ కలిపితే ఎంతో ఎస్-ఆర్ మధ్య దాదాపు అంత రావాలి. ఉదాహరణకు 1.5, 2.5 ఓమ్స్ వస్తే మూడోది 4 దగ్గర ఉండాలి. లెక్క కుదిరితే వైండింగ్ తెగలేదన్నమాట.

చాలామంది మోసపోయేది, కొందరు మెకానిక్‌లు కూడా పొరబడేది ఇక్కడే. సీ నుంచి ఎటు చూసినా రీడింగ్ రాదు, కానీ ఎస్-ఆర్ మధ్య మాత్రం వస్తుంది. ‘వైండింగ్ కట్’ అని తేల్చేస్తారు. నిజానికి చాలా కంప్రెసర్లలో లోపలే ఓవర్‌లోడ్ అనే రక్షణ స్విచ్ ఉంటుంది. బాడీ వేడెక్కితే అది తెరుచుకుంటుంది, చల్లారాకే మూసుకుంటుంది. బాగా కాగిన కంప్రెసర్ చల్లారడానికి గంట, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ పడుతుంది. కాబట్టి బాడీ చేయి పెట్టలేనంత వేడిగా ఉంటే ఆ రోజు తీర్పు వద్దు. పూర్తిగా చల్లారాక మళ్లీ చూడమనండి. అప్పుడూ సీ నుంచి రీడింగ్ రాకపోతే మాత్రం కంప్రెసర్ పోయినట్టే. ఓవర్‌లోడ్ బయట బిగించిన మోడల్ అయితే అదొక్కటి మారిస్తే సరిపోతుంది.

ఏసీ వేయగానే ఎంసీబీ పడిపోతోందా? అయితే వైండింగ్ బాడీకి తగిలిందేమో చూడాలి. పెయింట్ గీకిన రాగి పైపు మీద ఒక ప్రోబ్, పిన్ను మీద ఇంకొకటి పెడితే రీడింగ్ అసలు రాకూడదు. మామూలు మీటరుకు దొరకని లీకేజీ మెగ్గర్‌లో దొరుకుతుంది. అందులో ఒక మెగా ఓమ్ కంటే తక్కువ వస్తే అనుమానించాల్సిందే. అన్నీ బాగున్నా, కొత్త కెపాసిటర్ వేసినా మూలుగుతూనే ఉంటే లోపల జామ్ అయి ఉండొచ్చు.

ఇన్వర్టర్ ఏసీలకు పై లెక్క వర్తించదు. వాటి కంప్రెసర్‌కు స్టార్ట్ కెపాసిటర్ ఉండదు, మూడు పిన్నుల మధ్య ఏ రెండింటిలో చూసినా ఒకే రీడింగ్ రావాలి. అలా వచ్చిందంటే ముందు అవుట్‌డోర్ పీసీబీని అనుమానించాలి. బల్లి దూరి బోర్డు షార్ట్ అయిన కేసులు మన దగ్గర కొత్తేం కాదు. డిస్‌ప్లే మీద వచ్చే ఎర్రర్ కోడ్‌ను ఫొటో తీసి పెట్టుకోండి, స్విచ్ ఆపితే పోవచ్చు.

ఇంకో ముఖ్యమైన సంగతి.. ఏసీ మొత్తానికి వారంటీ అయిపోయినా కంప్రెసర్‌కు విడిగా ఐదేళ్లో, పదేళ్లో ఉంటుంది. బయటి మెకానిక్‌తో విప్పించే ముందే బిల్లు తీసి తేదీ చూసుకోండి.