తీర నియంత్రణ మండలంలో అనుమతుల విధానం

భారతదేశ సముద్రతీరంలో ఏ పనికి అనుమతి ఇవ్వవచ్చో, ఎవరు ఇవ్వాలో 1986 నాటి పర్యావరణ పరిరక్షణ చట్టం కింద కేంద్రం వెలువరించిన తీర నియంత్రణ మండల ప్రకటనలు నిర్ణయిస్తాయి. వాడుకలో సీఆర్‌జెడ్ నిబంధనలనే ఈ ప్రకటనల్లో మొదటిది 1991లోను, తరువాతివి 2011, 2019లలోను వచ్చాయి.

దరఖాస్తు మంచిచెడ్డలకన్నా ముందు తేలవలసింది గీత. అమావాస్య, పున్నముల పెద్ద పోటుకు నీరు నేలమీద ఎందాకా ఎక్కుతుందో ఆ హద్దే పోటు రేఖ. అక్కడినుంచి 500 మీటర్ల నేల, సముద్రంలో 12 నాటికల్ మైళ్ల వరకు నీరు ఈ మండలంలోకి వస్తాయి. మడ అడవులు, పగడపు దిబ్బలు, తాబేళ్లు గుడ్లు పెట్టే తావులు, ఆటుపోట్ల నడిమి నేల ఒకటో తరగతి. కట్టడాలతో నిండిన పట్టణ తీరం రెండు, గ్రామీణ తీరం మూడు, జలభాగం నాలుగు. 2019 ప్రకటన ప్రకారం జనసాంద్రత చదరపు కిలోమీటరుకు 2,161కి మించిన గ్రామీణ ప్రాంతాల్లో, తీర ప్రణాళిక ఆమోదం పొందాక, నిర్మాణ నిషిద్ధ భాగం 50 మీటర్లకు తగ్గుతుంది. తక్కినచోట్ల అది 200 మీటర్లు. ఆంధ్రప్రదేశ్‌లోని కోరింగ వంటి సున్నిత ప్రాంతాలను ఈ ప్రకటన ప్రత్యేకంగా గుర్తించింది.

పర్యావరణ ప్రభావ అంచనాతోపాటు, ప్రాజెక్టు హద్దులను 1:4,000 కొలమానపు పటంమీద చూపి దరఖాస్తును రాష్ట్ర తీర మండల యాజమాన్య సంస్థకు ఇవ్వాలి. ఆ సంస్థ 60 రోజుల్లో పరిశీలించాలి. ఒకటి, నాలుగు తరగతుల విషయంలో దాని సిఫారసుమీద కేంద్ర పర్యావరణ శాఖ నిర్ణయిస్తుంది. స్థానిక సంస్థ ఇచ్చే భవన అనుమతి దీనికి బదులు కాదు.

కేరళలోని మరడు ఉదంతం దీనికి నిదర్శనం. 2006లో అక్కడి గ్రామపంచాయతీ అనుమతులతో నాలుగు అపార్ట్‌మెంట్ సముదాయాలు లేచాయి. అనుమతినాటికి ఆ స్థలం మూడో తరగతిలో ఉందనీ, తీర సంస్థ సమ్మతి లేదనీ 2019 మే 8న సుప్రీంకోర్టు తేల్చింది. ఆ ఊరు తరువాత పురపాలక సంఘమైనా పాత తప్పు ఒప్పు కాలేదు. 2020 జనవరిలో ఆ భవనాలను పేలుడు పదార్థాలతో కూల్చారు.

అనుమతి ఉత్తర్వుపై 30 రోజుల్లో జాతీయ హరిత ట్రిబ్యునల్‌లో అప్పీలు చేసుకోవచ్చు. తగిన కారణం చూపితే మరో 60 రోజుల వరకే మినహాయింపు దొరుకుతుంది గనుక, ఉత్తర్వు ఎప్పుడు తెలిసిందన్నదే కొన్ని కేసుల్లో తొలి వివాదమవుతుంది.