సోషల్ పీరియడ్‌లో మేం

లెక్కల్లో తప్పితే లెక్కలు రావంటారు. సోషల్‌లో తప్పితే చదవలేదంటారు. పాఠం ఎవరు చెప్పారు, ఏ భాషలో చెప్పారు, ఏ గొంతుతో చెప్పారు అని అడిగేవాళ్లు తక్కువ.

మా దగ్గర ఈ ప్రశ్న వందేళ్ల నాటిది. 1917లో హైదరాబాదులో దారుల్ తర్జుమా పెట్టారు. మరుసటేడు ఉస్మానియా యూనివర్సిటీ. చరిత్ర, తత్వశాస్త్రం, వైద్యం ఉర్దూలోకి తెచ్చి చెప్పారు. గర్వంగా చెప్పుకుంటాం, చెప్పుకోవలసిందే. కాని అదే సంస్థానంలో తెలుగు, మరాఠీ, కన్నడ పిల్లలకు ఉర్దూ ఇంటి భాష కాదు. ఆ మాటా మేమే చెప్పాలి. 1930లో జోగిపేటలో మొదలైన ఆంధ్ర మహాసభ మాతృభాషలో చదువు అడిగింది ఆ బాధతోనే.

1948 తర్వాత వరస తిరగబడింది. ఉస్మానియాలో ఉర్దూ పోయి ఇంగ్లీషు వచ్చింది. ఉర్దూ బడులైతే మిగిలాయి. టీచర్లేరీ? పోస్టు రోస్టరులో ఒక కేటగిరీకి పడుతుంది, ఆ కేటగిరీలో ఉర్దూ చదివిన అభ్యర్థి దొరకడు, కుర్చీ ఖాళీ. రిజర్వేషన్ తప్పని మేం అనడం లేదు, దళితులతో మాకు పేచీ లేదు. దారి వెతకని సర్కారుతోనే పేచీ. అలాంటి బడిలో లెక్కల సారొచ్చి గైడులోంచి నోట్సు చెప్పి పోతాడు. పటం విప్పేవాళ్లుండరు. పిల్లలు బట్టీ పడతారు. ప్రశ్న కాస్త తిప్పి అడిగితే 35 కూడా రావు.

తెలుగు మీడియంలో మా దూదేకుల పిల్లలకు భాష అడ్డం కాదు. పాఠమే అడ్డం. గజనీ దండయాత్రలు చెబుతూ సారు వాళ్ల బెంచీ వైపు చూస్తే చాలు. రజాకార్లు రాగానే పక్కవాడు మోచేత్తో పొడుస్తాడు. తల వంచుకున్నవాడు ప్రశ్న అడగడు. అడగనివాడికి పాఠం ఎలా వస్తుంది?

రజాకార్ల అరాచకం దాచమనడం లేదు. దాన్ని ఎదిరించి రాసినందుకే ఇమ్రోజ్ సంపాదకుడు షోయబుల్లాఖాన్‌ను 1948 ఆగస్టులో నరికి చంపారు. ఆ పేరు కూడా అదే పీరియడ్‌లో చెప్పమంటున్నాం. భూమి కోసం విసునూరు దొరను ఎదిరించి 1940లో హతుడైన షేక్ బందగీని చెప్పండి. 1947 సెప్టెంబరులో సాయుధ పోరాటానికి పిలుపిచ్చిన ముగ్గురిలో మఖ్దూం ఉన్నాడని చెప్పండి. పోలీసు చర్య దగ్గర పాఠం ఆపేయకండి. తర్వాతి రోజుల్లో 27 వేల నుంచి 40 వేల మంది దాకా చనిపోయి ఉంటారని సుందర్‌లాల్ బృందం లెక్క కట్టింది. ఆ నివేదిక 2013 దాకా జనం కళ్లబడలేదు. చదవని సారు ఏం చెప్తాడు పాపం!

ఇప్పుడు చదవొచ్చు. బీఈడీ కాలేజీల్లో పాఠ్యప్రణాళిక రాయించేటప్పుడు ఈ ఒక్క పాఠం రాయించి, క్లాసులో చెప్పించి చూడమంటున్నాం. ఆ రోజు ఆ బెంచీ నుంచి ఎన్ని చేతులు లేస్తాయో లెక్కపెట్టమంటున్నాం.