అక్షింతల పురుగు కాచిన చెట్లు

దక్షిణ అమెరికాకు చెందిన జకరాండా చెట్టును దాని నీలిపూల కోసం తూర్పు ఆఫ్రికా నగరాల్లో వీధుల వెంట నాటారు. అమెరికా ఉష్ణప్రాంతాల నుంచి పాకిన ఆర్థీజియా అనే పొలుసు పురుగు అక్కడ దానిని పట్టి పీడించింది. ఈ పురుగు కొమ్మల రసం పీల్చి జిగురును స్రవిస్తుంది. ఆ జిగురుపై మసి బూజు పెరిగి ఆకులు నల్లబడతాయి.

1908లో మెక్సికో నుంచి హవాయికి తెచ్చిన హైపరాస్పిస్ అనే చిన్న అక్షింతల పురుగు ఆర్థీజియాకు శత్రువు. 1948లో దీనిని కెన్యాలోనూ విడిచారు. ఇది సాధారణంగా ఆర్థీజియా వీపు మీదే గుడ్లు పెడుతుంది. పిల్లపురుగు ఆర్థీజియా గుడ్లసంచిలో దూరి గుడ్లను, తరచు తల్లిని కూడా తినేస్తుంది.

అలంకార వృక్షాల కోసం చేసిన ఈ పని నాలుగు దశాబ్దాలు దాటాక మరోచోట అక్కరకు వచ్చింది. గమ్‌వుడ్ చెట్టుకు దక్షిణ అట్లాంటిక్‌లోని సెయింట్ హెలీనా దీవి ఒక్కటే పుట్టిల్లు. 1990ల ఆరంభానికి సుమారు 2,000 చెట్లే మిగిలాయి. 1991లో వాటిపై ఆర్థీజియా విజృంభించింది, చెట్లు చావసాగాయి. 1993లో కెన్యా నుంచి హైపరాస్పిస్‌ను తెప్పించి, పెంచి, వదిలారు. 1995 నాటికి బెడద అణగింది.

ఆర్థీజియా లేకుంటే హైపరాస్పిస్ సంతతి పెరగదు. అందుకే అది దీవిలోని ఇతర కీటకాల జోలికి పోదని నమ్మి వదలగలిగారు. ఏ ఊరి చెట్లపైకైనా కొత్త కీటకాన్ని వదిలే ముందు అడగవలసిన ప్రశ్న కూడా అదే: ఇది ఇంకా వేటిని తింటుంది?