గౌరిబిదనూరు పొలాల్లో పల్సార్లు

హిందూపురం నుంచి బెంగళూరు వెళ్లే దారిలో, సరిహద్దుకు అవతల ఉంది గౌరిబిదనూరు. రాష్ట్రం కర్ణాటకే అయినా ఆ పరిసర పల్లెల్లో తెలుగు మాట్లాడే ఇళ్లు ఎన్నో. 1970లలో రామన్ పరిశోధన సంస్థ, భారతీయ ఖగోళ భౌతిక సంస్థ కలిసి ఇక్కడ రేడియో టెలిస్కోపుగా వెయ్యి డైపోల్ ఏరియళ్లు పరిచాయి. తూర్పు పడమరలుగా 1.4 కిలోమీటర్లు, దక్షిణంగా దాదాపు అర కిలోమీటరు. ఆ నిర్మాణంలో సిహెచ్.వి.శాస్త్రిది ముఖ్యపాత్ర. అది వినేది 34.5 మెగాహెర్ట్జ్, అంటే దాదాపు తొమ్మిది మీటర్ల పొడవున్న అలలను.

అప్పటికి రామన్ సంస్థకు సంచాలకుడు వి.రాధాకృష్ణన్. 1969లో ఆస్ట్రేలియాలోని పార్క్స్ టెలిస్కోపుతో ఆయన, సహశాస్త్రవేత్త కుక్ కలిసి వేలా పల్సార్‌ను పరిశీలించారు. సెకనుకు పదకొండు సార్లు తిరిగే న్యూట్రాన్ తార అది. ఒక్కో స్పందన సాగుతుండగానే దాని రేడియో తరంగాల ధ్రువణ దిశ, అంటే అవి కంపించే దిశ, క్రమంగా మళ్లడం వారు గమనించారు. తార తిరుగుతుంటే అయస్కాంత ధ్రువం మన చూపును దాటుకుంటూ పోతుందని, ధ్రువానికి అత్యంత చేరువలో ఆ మళ్లింపు అతి వేగంగా ఉంటుందని వివరించారు. పల్సార్ల అధ్యయనం నేటికీ ఆ చిత్రం మీదే నిలబడి ఉంది.

గౌరిబిదనూరు ఏరియళ్లకు ఒక పరిమితి ఉంది. అవి ఒకే దిశలోని ధ్రువణాన్ని అందుకుంటాయి. అయితే అంతరిక్షంలోని అయస్కాంత క్షేత్రం ధ్రువణ తలాన్ని తిప్పుతుంది. తరంగదైర్ఘ్యపు వర్గానికి అనులోమంగా ఆ తిప్పు పెరుగుతుంది. అందువల్ల పౌనఃపున్యం కొద్దిగా మారినా అందే తీవ్రత హెచ్చుతగ్గులవుతుంది. ఆ హెచ్చుతగ్గులను విప్పితే ధ్రువణం జాడ దొరుకుతుంది. పరికరం లోటునే సాధనంగా మలచుకునే ఈ ఆలోచనను నేను గొప్పదిగా లెక్కిస్తాను.

ఇక్కడి అతి విలువైన ఫలితం బి0943+10 అనే పల్సార్‌ది. ధ్రువం చుట్టూ ఇరవై వెలుగు మచ్చలు 37 భ్రమణాలకు, సుమారు 41 సెకన్లకు, ఒక చుట్టు తిరుగుతున్నాయని దేశపాండే, రాంకిన్ అరెసిబో టెలిస్కోపు పరిశీలనల నుంచి తేల్చారు. అస్గేకర్, దేశపాండే 2001లో గౌరిబిదనూరులో, అంతకంటే చాలా తక్కువ పౌనఃపున్యంలో, అదే నమూనాను చూశారు.

1982లో సెకనుకు 642 సార్లు తిరిగే పల్సార్ బయటపడింది. ఆ ఏడాదే రాధాకృష్ణన్, శ్రీనివాసన్ దాని పుట్టుకకు కారణం చెప్పారు: జంటతార నుంచి రాలిన పదార్థం ముసలి న్యూట్రాన్ తారకు మళ్లీ వేగాన్నిచ్చింది. ఇంత వేగంగా తిరిగే తార గౌరిబిదనూరుకు అందదు. నక్షత్రాల మధ్యనున్న వాయువు తక్కువ పౌనఃపున్యాల్లో స్పందనలను చెదరగొట్టి, ఒకదానిలో ఒకటి కలిపేస్తుంది. పైగా ఇలాంటి తారల్లో ధ్రువణ మళ్లింపు తరచూ 1969 నాటి వివరణకు లొంగదు.

అయినా వాటి ధ్రువణం కచ్చితంగా తెలియాలి. కొలతలో పొరపాటుంటే స్పందన ఆకారం మారి, అది వచ్చిన క్షణమే తప్పుగా నమోదవుతుంది. 2023 జూన్‌లో నానోహెర్ట్జ్ గురుత్వ తరంగాల ఆధారాలను ప్రకటించిన యూరప్, భారత బృందాలు ఆధారపడ్డది ఆ క్షణాల లెక్క మీదే. పుణె దగ్గరి జీఎంఆర్‌టీ రేడియో టెలిస్కోపుతో ఆ లెక్క కట్టిన భారత బృందంలో హైదరాబాద్ ఐఐటీ పరిశోధకులూ ఉన్నారు.