ఇరుసు, కందెన, పట్టా – సీమ గూడుబండి కథ

కర్నూలు పట్టణానికి పాత పేరు కందనవోలు. ఈ పేరు ఎట్లా వచ్చిందో చెప్పే కథ ఒకటి ఆ ప్రాంతంలో ప్రచారంలో ఉన్నది. తుంగభద్రకు ఆవలి ఒడ్డున, కొంత దూరంలో అలంపురం ఉన్నది. అక్కడ ఆలయాలు కట్టే రోజులలో రాళ్ళు తోలే బండ్లవారు నది దాటబోయేముందు ఈవలి ఒడ్డున ఆగేవారట. ఇక్కడి గానుగవారి దగ్గర నూనె తీసుకొని ఇరుసులకు కందెన వేసుకొనేవారట. ఆ కందెన వేసిన చోటే కందెనవోలు, తరువాత కందనవోలు, చివరకు కర్నూలు అయిందని చెబుతారు. ఇది ఐతిహ్యమే గాని శాసనాధారం గల చరిత్ర కాదు. అయినా ఒక పట్టణం తన పేరును బండి ఇరుసుకు పూసే జిడ్డుతో ముడిపెట్టుకొన్నదంటే, ఆ జిడ్డుకు ప్రజల జీవితంలో ఎంత విలువ ఉండేదో ఊహించవచ్చును.

మోటారుకారు వెనుక చిన్న ఇంటిని తగిలించుకొని దేశమంతా తిరగడం పాశ్చాత్య దేశాలలో నేడు పెద్ద వేడుక. ఆ వేడుకకు కూడా మూలం జంతువులు లాగే బండియే. 1885లో ఇంగ్లండులో గార్డన్ స్టేబుల్స్ అనే వైద్యుడు, రచయిత, విహారయాత్ర కోసమే చక్రాలమీద ఒక ఇల్లు కట్టించుకొని, దానికి గుర్రాలను కట్టి ప్రయాణం చేశాడు. మన రాయలసీమలో గూడుబండి అంతకు చాలాముందే ఈ పని చేసింది. వెదురు బద్దలను విల్లులా వంచి, పైన చాప కప్పి, అడుగున గడ్డి పరచి, దానిమీద జంబుఖానా వేస్తే బండి ఇల్లయ్యేది. మహానందికి, యాగంటికి, అహోబిలానికి, ఒంటిమిట్టకు కుటుంబాలు కుటుంబాలుగా ఈ బండ్లలోనే తరలిపోయేవి. శ్రీశైలం పోయేవారు మాత్రం ఆత్మకూరు వైపు బండ్లు విడిచి, నాగలూటి మీదుగా నల్లమల అడవిలో కాలినడకన సాగేవారు.

ఈ ఇంటిని నడిపించేది ఎడ్లు. నిలబెట్టేది మాత్రం యజమాని చేతిపని. అతడు ఏయే పనులు చేసుకొనేవాడు? వాటి వెనుక ఉన్న శాస్త్రం ఏమిటి? బండిలో వచ్చిన మార్పులలో కొన్ని నిలిచి, కొన్ని ఎందుకు నిలవలేదు? వీటిని పరిశీలిద్దాం.

పెరికె ఎద్దు పోయి బండి వచ్చుట

బండి మన జిల్లాలలో ఎల్లకాలం ఇంత విరివిగా లేదు. 1800లో నిజాము కడప, బళ్ళారి ప్రాంతాలను కుంఫిణీవారికి దత్తం చేసేనాటికి దూరప్రాంతపు సరుకు రవాణా ఎక్కువగా పెరికె ఎద్దుల మీద జరిగేది. లంబాడీలు వందలాది ఎద్దులపై కోస్తానుంచి ఉప్పు తెచ్చి, ఇక్కడినుంచి ధాన్యం, ప్రత్తి తీసుకొనిపోయేవారు. దీనికి కారణం దారులే. నంద్యాల, కోయిలకుంట్ల, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు ప్రాంతాల నల్లరేగడి వానకు జిగురు బంకవుతుంది. కొండకనుమలలోనేమో దారి నిండా బండరాళ్ళు. ఇటువంటి చోట చక్రం కంటె గిట్టయే మేలు.

19వ శతాబ్దిలో కంకర రోడ్లు పడినకొద్దీ బండ్లు పెరిగాయి. కడప, గుత్తిల మీదుగా సాగిన మద్రాసు రైలుమార్గం 1871లో రాయచూరు చేరి బొంబాయి మార్గంతో కలిసింది. రైలు వస్తే బండ్లకు పని పోతుందని అనుకోవచ్చును గాని జరిగినది వేరు. స్టేషనుకు సరుకు చేర్చడానికి, స్టేషనునుంచి ఊళ్ళకు తీసుకుపోవడానికి బండ్లు మరింత అవసరమైనాయి.

ఇరుసులో ఉన్న లెక్క

ఒక జత ఎడ్లు రోజంతా అలసట లేకుండా ఎంత బలంతో లాగగలవు? వాటి బరువులో సుమారు పదోవంతు అని పశుశక్తిని పరిశీలించినవారు చెబుతారు. ఒక్కొక్కటి 350 కిలోగ్రాములు తూగే రెండు ఎడ్లు సుమారు 70 కిలోగ్రాముల లాగుడు ఇవ్వగలవన్నమాట. ఈ 70 కిలోలే బండివాని మూలధనం. ఇందులో కొంత నేల తింటుంది, కొంత ఎత్తు తింటుంది, కొంత ఇరుసు తింటుంది.

ఇరుసు వాటా ఎంతో లెక్క వేద్దాం. సరుకుతో కలిపి బండి బరువు 1000 కిలోలు అనుకొందాం. ఇరుసు కొయ్యది, దాని వ్యాసార్ధం 5 సెంటీమీటర్లు. చక్రం వ్యాసార్ధం 75 సెంటీమీటర్లు. అనగా చక్రం ఒక తులాదండంలా పనిచేసి ఇరుసువద్ద పుట్టే ఘర్షణను 15వ వంతుకు తగ్గిస్తుంది. కందెన లేని పొడి ఇరుసుకు ఘర్షణ గుణకం 0.4 అనుకొంటే, ఎడ్లు ఇరుసుకోసమే 1000 × 0.4 ÷ 15, అంటే దాదాపు 27 కిలోల బలం వెచ్చించాలి. కందెన వేయగా గుణకం 0.15కు దిగితే ఆ ఖర్చు 10 కిలోలే. ఇరుసును ఇనుముతో చేస్తే బలం తగ్గకుండానే వ్యాసార్ధాన్ని 2.5 సెంటీమీటర్లకు తగ్గించవచ్చును. అప్పుడు 15 పోయి 30 వస్తుంది. గుణకం 0.1 అయితే ఖర్చు 3 కిలోల చిల్లర మాత్రమే. కొయ్య ఇరుసు స్థానంలో ఇనుప ఇరుసు రావడం ఎంత గొప్ప మార్పో ఈ అంకెలే చెబుతాయి.

కందెన కూడా సామాన్యమైన వస్తువు కాదు. ఆముదంలో కాల్చిన గడ్డి మసి కలిపి మెదిపి, వెదురు గొట్టంలో నింపి బండికి వేలాడగట్టేవారు. ఆముదం నువ్వులనూనెకంటె సుమారు పది రెట్లు చిక్కన. అదీగాక దాని అణువులో ఉన్న హైడ్రాక్సిల్ వర్గం లోహపు ఉపరితలాన్ని అంటిపెట్టుకొంటుంది. వేగంగా తిరిగే యంత్రాలలో నూనె పొర తనంతటతానే ఇరుసును పైకెత్తుతుందని ఇంగ్లండులో బోషాంప్ టవర్ 1883లో ప్రయోగాలతో చూపగా, దాని కారణాన్ని ఆస్బోర్న్ రేనాల్డ్స్ 1886లో గణితంతో వివరించాడు. ఎడ్లబండి చక్రం అంత వేగంగా తిరగదు. కాబట్టి పారిపోని, అంటుకొని ఉండే నూనెయే దానికి తగినది. ఈ గుణంవల్లనే మొదటి ప్రపంచయుద్ధకాలపు విమానాల ఇంజన్లలోకూడా ఆముదం వాడారు. మసి కలపడం నూనె కారిపోకుండా నిలపడానికి.

అయితే ఇందులో ఒక మెలకువ ఉన్నది. పాత కందెనలో దుమ్ము, ఇసుక చేరుతాయి. దానిమీదే కొత్తది పూస్తే అది కందెన పని మాని ఆకురాయి పని చేస్తుంది. అందుచేత తెలిసిన బండివాడు మజిలీలో శీల ఊడదీసి, చక్రాన్ని పక్కకు జరిపి, పాత జిడ్డును గుడ్డతో తుడిచి, ఆ తరువాతనే కొత్తది వేసేవాడు. సుమతీ శతకకారుడు ఇరుసు కందెనను ఉపమానంగా వాడుకొన్నాడంటే, ఆ పని పండిత పామరులందరూ ఎరిగినదే అన్నమాట.

ఎండ, కొయ్య, ఇనుము

సీమ బండికి రెండవ శత్రువు ఎండ. వేసవిలో కర్నూలు, కడపలలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటడం సామాన్యం. గాలిలో తేమ తగ్గితే కొయ్య కుదించుకొంటుంది. నిలువునా చాలా తక్కువ, అడ్డంగా ఎక్కువ. పూటీల మందం తగ్గుతుంది. నడిమి కుండలో దిగగొట్టిన ఆకులు వదులవుతాయి. అదే సమయంలో ఇనుప పట్టా వేడికి వ్యాకోచిస్తుంది. ఒకటి లోనికి, మరొకటి బయటికి పోతే చక్రం లొడలొడలాడక ఏమవుతుంది? అందువల్లనే దారిలో వాగు కనబడితే చక్రాలను కొంతసేపు నీళ్ళలో నిలిపేవారు. కొయ్య నీరు పీల్చి ఉబ్బి పట్టాను బిగిస్తుంది. ఎండితే మళ్ళీ వదులు. ఇది దారి వైద్యం మాత్రమే.

అసలు వైద్యం కమ్మరి కొలిమి దగ్గర. పట్టాను కొద్దిగా తెగ్గొట్టి, మళ్ళీ అతికి, చక్రంకంటె కాస్త చిన్నదిగా చేస్తాడు. తరువాత దానిని పిడకల మంటలో ఎర్రగా కాల్చి చక్రానికి తొడిగి నీళ్ళు పోస్తాడు. ఇనుము ప్రతి డిగ్రీకి మీటరుకు 0.012 మిల్లీమీటర్లు సాగుతుంది. మీటరున్నర వ్యాసం గల చక్రపు చుట్టుకొలత 4.7 మీటర్లు. పట్టాను 500 డిగ్రీలు వేడిచేస్తే అది సుమారు 28 మిల్లీమీటర్లు సాగుతుంది. చల్లారినప్పుడు ఆ 28 మిల్లీమీటర్లు తిరిగి ముడుచుకొనబోయి, పూటీలను, ఆకులను, కుండను ఒకే ముద్దగా బిగించివేస్తుంది. మేకులు చేయలేని పనిని ఉష్ణం చేస్తుందన్నమాట.

ఈ పనికి డబ్బు ఎక్కడిది? కమ్మరికి, వడ్రంగికి రైతు పంట కళ్ళంలో ఏటేటా మేర కొలిచేవాడు. మరమ్మతు ఖర్చు ముందే లెక్కలో చేరిపోయేది. నల్లతుమ్మ కొయ్య పొలం గట్టున దొరికేది, ఆముదం పొలంలోనే పండేది. బండిలో ఊరికి అందని వస్తువు ఇనుము ఒక్కటే.

బండి ఆగినప్పుడు

బండి నడవడం కేవలం సౌకర్యం కాదు, ప్రాణరక్షణ. 1876–78 నాటి గొప్ప కరువులో ఈ సత్యం దారుణంగా రుజువైంది. కర్నూలు పట్టణానికి అప్పటికి రైలు లేదు. రైలులో వచ్చిన ధాన్యం గుత్తి వంటి స్టేషన్లలో దిగితే, అక్కడినుంచి ఊళ్ళకు బండ్లమీద రావలసిందే. మేత లేక, నీరు లేక ఎడ్లు పడిపోయాయి. ఎడ్లు లేని బండి ఎంత బాగా ఉన్నా కదలదు. 1871, 1881 జనాభా లెక్కలను పోల్చి చూస్తే కర్నూలు జిల్లా జనంలో సుమారు నాలుగోవంతు తగ్గినట్లు కనబడుతుంది. ఇందుకు కారణాలు అనేకం. ధాన్యం చివరి కొన్ని మైళ్ళు కదలలేకపోవడం వాటిలో ఒకటి. ఎద్దు భుజంమీద ప్రతి కిలో భారాన్ని తగ్గించే పని ఎందుకు ముఖ్యమో దీనినిబట్టి గ్రహించాలి.

గాలి చక్రం

గాలి నింపిన చక్రానికి మొదట 1845లో హక్కుపత్రం పొందినవాడు రాబర్ట్ థామ్సన్. అది వాడుకలోకి రాలేదు. 1888లో బెల్‌ఫాస్టులోని పశువైద్యుడు జాన్ బాయిడ్ డన్లప్ దానిని మళ్ళీ కనిపెట్టి ప్రచారంలోకి తెచ్చాడు. ఆయన పేరిటి కంపెనీ 1936లో బెంగాలులోని సాహాగంజ్‌లో ఫ్యాక్టరీ పెట్టింది. తరువాతి దశాబ్దాలలో ఎడ్లబండికి రబ్బరు చక్రాలు రాసాగాయి. ఉత్తరదేశంలో అటువంటి బండికి డన్లప్ అనే పేరే స్థిరపడింది. మనవారు టైరు బండి అన్నారు. పాత మోటారు బండ్ల ఇరుసులు, చక్రాలు కొని తెచ్చి బిగించుకొన్న రైతులుకూడా ఎందరో ఉన్నారు.

దీని లాభం ఎక్కడ? ఒక్కొక్క చక్రంమీద 500 కిలోల బరువు ఉన్నదనుకొందాం. ఇనుప పట్టా నేలను 20 చదరపు సెంటీమీటర్ల మేర తాకితే, ప్రతి చదరపు సెంటీమీటరుమీద 25 కిలోల ఒత్తిడి పడుతుంది. రోడ్డు గాడిపడుతుంది, రేగడిలో చక్రం దిగబడుతుంది. టైరులో గాలి ఒత్తిడి 3 కిలోలయితే అది సుమారు 165 చదరపు సెంటీమీటర్ల మేర పరచుకొంటుంది, నేల మోస్తుంది. కాని మోటారు చక్రం చిన్నది. ఇందాకటి తులాదండపు లాభం సగానికి పడిపోతుంది. ఆ నష్టాన్ని పూడ్చేది బేరింగు. గుండ్లు దొర్లుతుంటే ఘర్షణ గుణకం వందో వంతుకు లోపలే ఉంటుంది. కనుక టైరు, బేరింగు ఒకదానితో ఒకటి రావలసినవి.

మరి ఇనుప పట్టా బండి వెంటనే ఎందుకు మాయం కాలేదు? తుమ్మముల్లు గుచ్చుకొంటే టైరుకు గాలి పోతుంది. పంచరు వేసేవాడు ఊళ్ళో ఉండడు. బేరింగులో దుమ్ము పడితే దానిని కమ్మరి బాగుచేయలేడు. కొత్త సామాను పట్నంలో డబ్బు పోసి కొనాలి. మేర కొలిస్తే రాదు. 1970వ దశకం చివర బెంగుళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మేనేజ్‌మెంట్ డైరెక్టరు ఎన్. ఎస్. రామస్వామి దేశంలోని ఎడ్లబండ్లను సంస్కరించాలని గట్టిగా వాదించాడు. మంచి నమూనాలు వచ్చాయి. వాటి ఖరీదు మాత్రం చిన్న రైతుకు భారమైంది. టైరు బండి నిలిచింది ఎక్కడయ్యా అంటే, పంచరు అంగడి, సైకిలు పంపు, బేరింగు గ్రీజు ఊరిదాకా వచ్చినచోట.

నేడు ఎక్కువ ఊళ్ళలో ఎద్దు స్థానం ట్రాక్టరుది, బండి స్థానం దాని వెనుక ట్రాలీది. జాతరకు పోయే కుటుంబం అందులోనే గడ్డి పరచి, పైన టార్పాలిను కట్టి కూర్చొంటుంది. కందెన గొట్టం పోయి గ్రీజు డబ్బా వచ్చింది. తుడిచి పూయాలనే నియమం మాత్రం మారలేదు.

ఉపాధ్యాయులు దీనిని తరగతిలో సులభంగా చూపవచ్చును. చిన్న చక్రాల బండికి ఒక ఇటుక ఎత్తి, స్ప్రింగు త్రాసుతో నెమ్మదిగా లాగి బలం గుర్తించాలి. ఇరుసుకు ఆముదం వేసి మళ్ళీ లాగాలి. తరువాత ఆముదంలో చిటికెడు ఇసుక కలిపి మూడవసారి లాగాలి. మూడు అంకెలను పక్కపక్కన రాయిస్తే ఘర్షణ పాఠం పూర్తయినట్లే. ఆ పైన ఒక ప్రశ్న అడగాలి: ఈ బండి దారిలో విరిగితే మన ఊళ్ళో దీనిని ఎవరు బాగుచేయగలరు? కొత్త యంత్రం ఏది ఊరికి తెచ్చినా ఈ ప్రశ్నకు జవాబు దానితోపాటే రావాలి. సీమ బండి చరిత్ర మనకు నేర్పేది ఇదే.