టుబ్బటాహా దిబ్బలు: ఓడల దారిలో పగడపు దీవుల సంరక్షణ

టుబ్బటాహా ఫిలిప్పీన్స్ దేశానికి చెందిన పగడపు దిబ్బల సముదాయం. సులు సముద్రం నడిమధ్యలో, పలావన్ ప్రాంతపు ముఖ్య పట్టణం ప్యూర్టో ప్రిన్సెసాకు ఆగ్నేయంగా సుమారు 150 కిలోమీటర్ల దూరంలో ఉంది. పరిపాలన రీత్యా కగయాన్సిల్యో అనే చిన్న ద్వీప పురపాలికకు చెందుతుంది. 1993 నుంచి యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలం. 2017లో అంతర్జాతీయ సముద్రయాన సంస్థ దీన్ని ‘ప్రత్యేకంగా సున్నితమైన సముద్ర ప్రాంతం’గా గుర్తించింది. ఆగ్నేయాసియాలో ఈ హోదా పొందిన మొదటి ప్రాంతం ఇదే.

ఇందులో ఉత్తర, దక్షిణ వలయాలని రెండు పగడపు వలయాలు ఉన్నాయి. రెండింటి మధ్య సుమారు 8 కిలోమీటర్ల లోతైన జలమార్గం ఉంది. ఉత్తరాన కొంత దూరంలో ఉన్న జెస్సీ బీజ్లీ దిబ్బ కూడా ఈ రక్షిత ప్రాంతంలో భాగమే. కగయాన్ శిఖరశ్రేణి అనే మునిగిపోయిన అగ్నిపర్వత వరుస మీద ఇవి పెరిగాయి. అగ్నిపర్వతం మెల్లగా కుంగిపోతుంటే దాని అంచున పగడాలు పైకి పెరుగుతూ వలయంగా మిగులుతాయని చార్లెస్ డార్విన్ 1842లో ప్రతిపాదించాడు. టుబ్బటాహా ఆకృతి ఆ సిద్ధాంతానికి చక్కగా సరిపోతుంది. పోటు సమయంలో దిబ్బలో చాలా భాగం నీట మునిగి ఉంటుంది, పాటు వేళ బయటపడుతుంది. ఎప్పుడూ నీటికి పైన ఉండేవి ఉత్తరాన పక్షుల దీవి, దక్షిణాన దీపస్తంభం ఉన్న చిన్న దీవి, కొన్ని ఇసుక తిన్నెలు మాత్రమే. వలయాల అంచు దాటగానే గోడ కట్టినట్టు నిట్టనిలువుగా వంద మీటర్ల లోతుకు దిగిపోతుంది. ఆ వెలుపల సముద్రం ఎంత లోతంటే, ఇంజిన్ ఆగిపోయిన ఓడకు లంగరు వేసే వీలు కూడా ఉండదు.

మూడు వందల యాభైకి పైగా పగడపు జాతులు, సుమారు 700 చేప జాతులు ఇక్కడ నమోదయ్యాయి. సొరచేపలు, తిమింగిలాలు, డాల్ఫిన్లు తిరుగుతాయి. పచ్చ తాబేలు, డేగముక్కు తాబేలు కనిపిస్తాయి. దీవుల మీద సముద్రపు పక్షులు గుడ్లు పెడతాయి. ఇక్కడ పుట్టే చేపపిల్లలు, పగడపు లార్వాలు ప్రవాహాల వెంట సులు సముద్రమంతా వ్యాపిస్తాయి. అందువల్ల ఈ దిబ్బలు చెడితే నష్టం ఇక్కడితో ఆగదు. చుట్టుపక్కల దీవుల జాలర్ల వలలు కూడా ఖాళీ అవుతాయి.

ఓడల దారి

సెలెబీస్ సముద్రం నుంచి సిబుటు జలమార్గం గుండా సులు సముద్రంలోకి వచ్చి, కుయో తూర్పు మార్గం, మిండోరో జలసంధి దాటి దక్షిణ చైనా సముద్రం చేరే దారి ఓడలకు పాత అలవాటే. ఆస్ట్రేలియా, ఇండోనేషియాలకూ తూర్పు ఆసియాకూ మధ్య నడిచే సరుకు ఓడలకు ఇది వీలైన మార్గం. 2024 నవంబరులో ఫిలిప్పీన్స్ చట్టం చేసి గుర్తించిన మూడు ద్వీపసమూహ నౌకామార్గాల్లో ఇదీ ఒకటి. చుట్టూ లోతైన నీరు, నడుమ ఒక్కసారిగా పైకి లేచిన దిబ్బ. రాత్రివేళ పటం మీద గుడ్డి నమ్మకంతో వచ్చే నావికుడికి ఇంతకంటే ప్రమాదకరమైన చోటు ఉండదు. ఉత్తర వలయం మీద ‘మలయన్’, దక్షిణ వలయం మీద ‘డెల్సాన్’ అనే పాత ఓడల శిథిలాలు నేటికీ ఉన్నాయి. ఇప్పుడవి ఈతగాళ్లు చూడ్డానికి దిగే చోట్లు.

ఓడ దిబ్బనెక్కితే నష్టం రెండు విధాలు. అడుగుభాగం కింద నలిగిన పగడాలు అప్పుడే చనిపోతాయి. కొమ్మల పగడాలు ఏడాదికి పది సెంటీమీటర్ల వరకు ఎదగగలవు గానీ, గుండు పగడాలు ఒక సెంటీమీటరు పెరగడానికే ఏడాది పడుతుంది. పొడిపొడిగా మిగిలిన ముక్కలు కెరటాలకు అటూ ఇటూ దొర్లుతూ కొత్త పగడాలు అంటుకోకుండా చేస్తాయి, కాబట్టి గాయం ఏళ్ల తరబడి మానదు. వీటికి తోడు చమురు, మురుగు, ఇతర సముద్రాల జీవుల్ని మోసుకొచ్చే బ్యాలస్ట్ నీరు, ఇంజిన్ల రొద ఉండనే ఉన్నాయి.

తొలి చరిత్ర

శతాబ్దాలుగా కగయాన్సిల్యో వాసులు వేసవిలో సముద్రం శాంతించినప్పుడు తెరచాప పడవల్లో ఇక్కడికి వచ్చి చేపలు, పక్షిగుడ్లు, తాబేళ్లు పట్టుకెళ్లేవారు.

జాతీయ పార్కు

మోటారు పడవలు వచ్చాక దూరమే కంచెగా ఉన్న కాలం పోయింది. 1980లలో దేశం నలుమూలల నుంచీ జాలర్లు ఇక్కడికి చేరారు. డైనమైట్ పేల్చి, సయనైడ్ చల్లి చేపలు పట్టడం మొదలైంది. స్కూబా ఈతగాళ్లు, పర్యావరణవాదులు గోల పెట్టగా 1988 ఆగస్టు 11న అధ్యక్షురాలు కొరజోన్ అకినో 306వ నంబరు ప్రకటనతో 33,200 హెక్టార్లను జాతీయ సముద్ర పార్కుగా ప్రకటించారు. ఆ దేశానికి ఇదే మొదటి జాతీయ సముద్ర పార్కు. ప్రకటన వచ్చినా కాపలా లేదు. ఆ తరువాతి ఏళ్లలో ఒక ప్రైవేటు సంస్థ ఏకంగా పార్కు నడుమ సముద్రపు నాచు సాగుకు దిగింది. దాన్ని 1991లో ఖాళీ చేయించారు.

1993 డిసెంబరులో యునెస్కో గుర్తింపు వచ్చింది. 1995లో అధ్యక్షుడు ఫిడెల్ రామోస్ ఒక కార్యదళాన్ని నియమించాడు. నౌకాదళ సిబ్బంది దిబ్బ మీదే కాపురం పెట్టడం ఆ ఏడాది మొదలు. ఇసుక తిన్నె మీద కట్టిన స్థావరంలో నౌకాదళం, తీరరక్షక దళం, పార్కు కార్యాలయం, కగయాన్సిల్యో పురపాలిక పంపే రేంజర్లు వంతులవారీగా ఉంటారు. ఒక్కో జట్టు సుమారు రెండు నెలలు అక్కడే గడుపుతుంది. మార్చి నుంచి జూన్ వరకు పర్యాటకుల పడవలు వస్తాయి. మిగతా ఏడాదంతా తుఫానులు, గాలి, రేంజర్లు తప్ప మరొకరు ఉండరు. టుబ్బటాహా ఈనాటికీ మిగిలిందంటే ఆ ఘనతలో సింహభాగం ఈ కొద్దిమందిదే.

కగయాన్సిల్యో ప్రజల పాత్ర కూడా చిన్నది కాదు. తాతల నాటి చేపల వేట చోటును వాళ్లు వదులుకున్నారు. బదులుగా పర్యాటకుల ప్రవేశ రుసుములో వారి పురపాలికకు వాటా దక్కింది. 1999లో ఏర్పడిన నిర్వహణ మండలిలో ఆ ఊరికి కుర్చీ ఉంది. 2001లో ప్యూర్టో ప్రిన్సెసాలో పార్కు కార్యాలయం మొదలైంది. స్కూబా ఈతగత్తెగా ఈ నీళ్లకు అలవాటుపడిన అంజెలిక్ సోంగ్కో దీర్ఘకాలం పార్కు పర్యవేక్షకురాలిగా ఉన్నారు. రేంజర్లు ఆమెను ‘మామా రేంజర్’ అంటారు.

2006 ఆగస్టులో పార్కు విస్తీర్ణాన్ని దాదాపు మూడింతలు చేసి 96,828 హెక్టార్లకు పెంచారు. 2010 ఏప్రిల్ 6న అధ్యక్షురాలు గ్లోరియా మకపగల్ అరోయో సంతకంతో టుబ్బటాహాకు సొంత చట్టం వచ్చింది. ఈ చట్టం ప్రకారం పార్కు 97,030 హెక్టార్లు. చుట్టూ 10 నాటికల్ మైళ్ల రక్షణ మండలం (బఫర్ జోన్) ఉంది. లోపల చేపల వేట పూర్తిగా నిషేధం. అనుమతి లేని ప్రవేశానికీ, దిబ్బకు కలిగించే నష్టానికీ జరిమానాలున్నాయి.

ఇంత చేసినా చట్టం కళ్లన్నీ చేపలవాడి మీదే ఉండేవి. దూరంగా సాగిపోయే పెద్ద ఓడను అడిగేవారు ఉండేవారు కాదు. అంతకుముందే, 2005 అక్టోబరు 31న, గ్రీన్‌పీస్ సంస్థ ఓడ రెయిన్‌బో వారియర్-2 ఇక్కడ దిబ్బనెక్కి వంద చదరపు మీటర్లకు కొంచెం తక్కువ పగడాన్ని పాడుచేసింది. పటాల్లో దిబ్బ స్థానం సరిగా లేదని సంస్థ చెప్పింది, జరిమానా మాత్రం కట్టేసింది. ఆ హెచ్చరికను అప్పట్లో పెద్దగా పట్టించుకున్నవారు లేరు.

2013: రెండు ఓడలు

2013 జనవరి 17 తెల్లవారుజామున, రెండున్నర గంటల ప్రాంతంలో, అమెరికా నౌకాదళానికి చెందిన మందుపాతరల తొలగింపు ఓడ గార్డియన్ దక్షిణ వలయాన్ని ఢీకొంది. 68 మీటర్ల పొడవు, 79 మంది సిబ్బంది. సుబిక్ రేవు నుంచి దక్షిణానికి వెళ్తూ, అనుమతి లేకుండా పార్కు జలాల్లోకి వచ్చింది. ఓడలోని డిజిటల్ పటంలో టుబ్బటాహా అసలు స్థానానికి సుమారు 8 నాటికల్ మైళ్లు పక్కన ఉందని తరువాత తేలింది. అయినా కాగితపు పటాలు, దీపస్తంభపు వెలుగు, రాడార్ చెప్పినవి కలిపి చూసుకుని ఉంటే ప్రమాదం తప్పేదని నౌకాదళ విచారణే తేల్చింది. కెప్టెన్‌తో సహా నలుగురిని విధుల నుంచి తప్పించారు.

ఓడను వెనక్కి లాగితే దిబ్బ మరింత చెడుతుందని ఇంధనం తోడేసి, ఎక్కడున్నదాన్ని అక్కడే ముక్కలుగా కోశారు. ఓడ మేను చెక్కతో చేసి ఫైబర్‌గ్లాస్ తొడిగినది. కెరటాల దెబ్బకు అప్పటికే చీలిపోయింది. చివరి ముక్కలు మార్చి 30న ఎత్తేశారు. నష్టం 4,000 చదరపు మీటర్లని మొదట అనుకున్నారు, ఇరుదేశాల నిపుణులు కొలిస్తే 2,345.67 చదరపు మీటర్లని తేలింది. చదరపు మీటరుకు 24,000 పెసోల లెక్కకు ఇతర జరిమానాలు కలిపి సుమారు 5.8 కోట్ల పెసోలు కట్టమని పార్కు అడిగింది. అమెరికా 2015 ఆరంభంలో 8.7 కోట్ల పెసోలు చెల్లించింది.

డబ్బు ముట్టినా న్యాయపరమైన చిక్కు మిగిలే ఉంది. ప్యూర్టో ప్రిన్సెసా బిషప్ పెద్రో అరిగో తదితరులు అమెరికా నౌకాదళాధికారుల మీద ఫిలిప్పీన్స్ సుప్రీం కోర్టులో వేసిన దావాను 2014 సెప్టెంబరు 16న కొట్టేశారు. పరదేశపు యుద్ధనౌక మీద, దాని అధికారుల మీద తమకు అధికారం చెల్లదన్నది ఆ తీర్పు సారం. అయితే యుద్ధనౌక చేసిన నష్టానికి దాని దేశం బాధ్యత వహించాలన్న సముద్ర చట్ట నియమాన్ని కోర్టు గుర్తుచేసి, ఆ సంగతి రాయబారానికి వదిలింది.

గార్డియన్ ముక్కలు ఎత్తి పది రోజులు కూడా కాకుండానే, ఏప్రిల్ 8న, ఒక చైనా చేపల ఓడ ఉత్తర వలయం మీదికెక్కింది. అది తొక్కిన దిబ్బ 3,902 చదరపు మీటర్లు, అంటే యుద్ధనౌక చేసినదానికంటే ఎక్కువ. ఓడ అడుగున వందల పెట్టెల్లో పది టన్నుల అలుగు మాంసం దొరికింది. 12 మంది సిబ్బందికి అక్రమ చేపల వేట కేసులో 2014 ఆగస్టులో జైలుశిక్షలు పడ్డాయి.

అంతర్జాతీయ హోదా

తన జలాల్లోనైనా పరదేశపు ఓడల దారి మార్చాలంటే ఒక దేశం ఒంటరిగా చేయగలిగింది తక్కువ. అంతర్జాతీయ సముద్రయాన సంస్థ ఒప్పుకోవాలి. అది 1990లో ఆస్ట్రేలియాలోని గ్రేట్ బారియర్ రీఫ్‌కు మొదటిసారి సున్నిత ప్రాంతపు హోదా ఇచ్చింది. అక్కడ కొన్ని భాగాల్లో స్థానిక పైలట్ లేకుండా పెద్ద ఓడలు నడవరాదన్న నియమం మరుసటి ఏడాది అమలైంది. తరువాత క్యూబాలోని సబానా-కమగుయే, ఫ్లోరిడా కీస్, గాలపగోస్, హవాయి వాయవ్య దీవులు, కరీబియన్‌లోని సాబా తిప్ప, పాపువా న్యూగినీలోని జోమార్డ్ ద్వారం ఆ పట్టికలో చేరాయి.

హోదా దానంతటది ఓడను ఆపదు. దానితోపాటు ఒక నౌకాయాన నియమం తోడవ్వాలి. టుబ్బటాహా విషయంలో ఫిలిప్పీన్స్ కోరింది ‘ఓడలు తప్పించుకోవలసిన ప్రాంతం’. సంస్థ పర్యావరణ సంఘం 71వ సమావేశం 2017 జులైలో హోదాను ఆమోదించింది. 150 స్థూల టన్నేజీ, అంతకు మించిన ఓడలు ఈ ప్రాంతానికి దూరంగా పోవాలన్న నియమం 2018 జనవరి 1న అమల్లోకి వచ్చింది. పటాల మీద టుబ్బటాహా చుట్టూ గీత పడింది. పార్కు పుట్టిన ముప్పై ఏళ్లకు గానీ ఇది జరగలేదన్నది గమనించదగ్గది. ఈ నియమాలు యుద్ధనౌకలను కట్టిపడేయలేవన్నది మరో లోటు. గార్డియన్ లాంటి ఓడ మళ్లీ వస్తే దాని దేశపు మర్యాదే దిక్కు.

2017లోనే మెరైన్ కన్సర్వేషన్ ఇన్‌స్టిట్యూట్ టుబ్బటాహాకు తన అత్యున్నత ప్లాటినం గుర్తింపు ఇచ్చింది. 2020లో కోవిడ్ వల్ల పర్యాటక కాలం రద్దై ఆదాయం పడిపోయినా రేంజర్ల వంతులు ఆగలేదు.

ఇతర చోట్ల

తెలుగు మూలాలున్న కుటుంబాలు తరతరాలుగా నివసిస్తున్న మారిషస్‌లో 2020 జులై 25న వకాషియో అనే 300 మీటర్ల ఖాళీ సరుకు ఓడ ఆగ్నేయ తీరపు పగడపు దిబ్బనెక్కి సుమారు వెయ్యి టన్నుల చమురు కక్కింది. ఇండోనేషియా లొంబోక్ జలసంధిలో 2020 జులై నుంచి రానుపోను ఓడలకు వేర్వేరు బాటలు ఏర్పరిచి, 2024లో అక్కడి నుసా పెనిడా, గిలి మాత్రా దీవులకు టుబ్బటాహా మాదిరి హోదా సంపాదించింది. మన లక్షద్వీప్‌లో మినికాయ్‌కూ మిగతా దీవులకూ నడుమ ఉన్న తొమ్మిది డిగ్రీల ఛానల్ గుండా ఏడెన్, కొలంబో, సింగపూర్ దారిలో ఓడలు నిత్యం సాగుతుంటాయి. 2024 చివరి నాటికి భారత జలాల్లో ఏ పగడపు దీవికీ ఈ హోదా లేదు.