ఇంకా రాని ఇరుగుపొరుగు: ఆస్టిన్‌లో ఒక పేట పుట్టుక

2008 మార్చిలో బేగంపేట విమానాశ్రయం ప్రయాణికుల విమానాలకు మూతపడి శంషాబాద్ తెరుచుకున్న రోజులు హైదరాబాదు వారికి గుర్తుండే ఉంటాయి. టెక్సాస్ రాజధాని ఆస్టిన్ అలాంటి మార్పును తొమ్మిదేళ్ళ ముందే చూసింది. 1999 మే నెలలో రాబర్ట్ మ్యూలర్ విమానాశ్రయాన్ని మూసివేసి, ఊరికి ఆగ్నేయంగా ఉన్న పాత వైమానిక స్థావరం బెర్గ్‌స్ట్రామ్‌కు విమానాలను తరలించారు. రెండు కథలకూ పోలిక అంతవరకే. బేగంపేట నేల విమానాలకే మిగిలిపోయింది. ఊరి నడిబొడ్డుకు మూడు మైళ్ళ దూరంలో ఉన్న మ్యూలర్ నేల మాత్రం, సుమారు 700 ఎకరాలు, ఒక కొత్త పేటగా మారింది. ఇవాళ అక్కడ ఇళ్ళు, పార్కులు, ఒక చెరువు, పిల్లల ఆసుపత్రి ఉన్నాయి. వాటి మధ్య 1961 నాటి కంట్రోల్ టవర్ పాత గుర్తుగా నిలబడి ఉంది. ఆ పేరును మ్యూలర్ అని రాసినా ఊరివాళ్ళు మిల్లర్ అనే పలుకుతారు.

ఒక పాత పేటను మార్చాలంటే అక్కడ కాపురముంటున్న వారిని అడగవచ్చు. రన్‌వే మీద కాపురమున్నవారు ఎవరూ లేరు. అక్కడ రేపు ఉండబోయేవారెవరో ఇంకా తెలియదు. అలాంటి చోట ప్రజాభిప్రాయం అంటే ఎవరి అభిప్రాయం? మ్యూలర్ చరిత్ర ఈ ప్రశ్నకు ఒక జవాబు చెప్పింది. అది మంచి జవాబే గాని పూర్తి జవాబు కాదు.

పదిహేను రోజుల నోటీసు

అమెరికాలో ఏ ఊళ్ళోనైనా ఖాళీ స్థలం ముందు ‘పబ్లిక్ హియరింగ్’ అని రాసిన బోర్డు కనిపించడం మామూలే. ఈ ఆచారానికి దాదాపు వందేళ్ళు. హెర్బర్ట్ హూవర్ అధ్యక్షుడు కాకముందు వాణిజ్య శాఖ కార్యదర్శిగా పనిచేశాడు. ఆ శాఖ 1920లలో రాష్ట్రాల కోసం ఒక నమూనా జోనింగ్ చట్టాన్ని అచ్చువేసి పంచింది. ఏ స్థలంలో ఇళ్ళుండాలి, ఎక్కడ దుకాణాలుండాలి, ఎక్కడ ఫ్యాక్టరీలుండాలి అని నిర్ణయించే అధికారాన్ని ఆ నమూనా నగరాలకు ఇచ్చింది. దానితోపాటు ఒక షరతు పెట్టింది: నిర్ణయానికి ముందు బహిరంగ విచారణ జరగాలి, కనీసం పదిహేను రోజుల ముందు పత్రికలో నోటీసు పడాలి. 1926లో యూక్లిడ్ గ్రామం కేసులో సుప్రీంకోర్టు జోనింగ్ రాజ్యాంగబద్ధమేనని తేల్చింది. మరుసటి ఏడాదే టెక్సాస్ ఆ నమూనాను తన చట్టంగా చేసుకుంది.

ఆ షరతు వెనుక ఉన్న ఉద్దేశం ఆస్తి రక్షణ. పక్క స్థలంలో రాబోయే మార్పు వల్ల తన ఆస్తికి నష్టం కలిగితే యజమాని వచ్చి చెప్పుకోవడానికి ఒక వేదిక ఉండాలన్నది దాని సారం. టెక్సాస్ చట్టం ఇప్పటికీ ఆ అడుగుజాడల్లోనే నడుస్తోంది. ఒక స్థలం జోనింగ్ మార్చాలంటే దానికి 200 అడుగుల లోపల ఆస్తి ఉన్న వారికి, పన్ను రికార్డుల్లో ఉన్న చిరునామాకు, ముందుగా ఉత్తరం పంపాలి. ఆ ఇంట్లో అద్దెకున్నవారికి ఉత్తరం పంపమని ఆ చట్టం చెప్పదు. చుట్టుపక్కల భూమిలో ఇరవై శాతానికి యజమానులైనవారు రాతపూర్వకంగా అభ్యంతరం చెబితే, ఆ మార్పుకు కౌన్సిల్‌లో నాలుగింట మూడు వంతుల మద్దతు కావాలన్న నియమం చాలాకాలం నడిచింది. కొత్త ఇళ్ళకు వీలు కల్పించే మార్పుల విషయంలో ఈ నియమాన్ని శాసనసభ 2025లో సడలించింది.

గీత గీసిన ప్రణాళిక

ఆస్టిన్‌లో ప్రణాళిక అన్న మాటకు మరో చరిత్ర కూడా ఉంది. జాతిని బట్టి నివాస ప్రాంతాలను చట్టంతో విడదీయడం చెల్లదని 1917లోనే సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అందుచేత 1928లో కోచ్ అండ్ ఫౌలర్ అనే ఇంజినీరింగ్ సంస్థ ఆస్టిన్‌కు తయారుచేసిన నగర ప్రణాళిక దొడ్డిదారి వెతికింది. ఆఫ్రికన్ అమెరికన్ల బడులు, పార్కులు, ఇతర సౌకర్యాలు తూర్పు ఆస్టిన్‌లో మాత్రమే కల్పిస్తే జనం వాటి వెంటే వెళ్తారని అది సూచించింది. వెళ్ళమని చెప్పే చట్టం అక్కర్లేకపోయింది. బడి లేని చోట పిల్లలున్న కుటుంబం ఎన్నాళ్ళు ఉంటుంది? 1962లో తెరుచుకున్న ఇంటర్‌స్టేట్ 35 రహదారి ఆ కనిపించని గీతను కాంక్రీటుతో స్థిరపరిచింది.

1930లో తెరిచిన విమానాశ్రయం ఈ రహదారికి తూర్పున పడింది. ఊరు పెరిగేకొద్దీ పేటలు దాన్ని చుట్టుముట్టాయి. జెట్ విమానాలు వచ్చాక ఇళ్ళ కప్పుల మీదుగా వెళ్ళే మోత భరించరానిదైంది. 1980లలో చుట్టుపక్కల పేటలవాళ్ళు విమానాశ్రయాన్ని తరలించాలని ఉద్యమించారు. వాళ్ళు ‘ఇక్కడ వద్దు’ అన్న మాటతో ఆగలేదు. విమానాలు వెళ్ళిపోయాక ఆ నేలలో ఏముండాలో సొంతంగా ఒక ప్రణాళిక గీసుకున్నారు. 1991లో కేంద్రం బెర్గ్‌స్ట్రామ్ స్థావరాన్ని మూయాలని నిర్ణయించడంతో దారి దొరికింది. 1993 మేలో కొత్త విమానాశ్రయానికి 40 కోట్ల డాలర్ల బాండ్లను ఓటర్లు ఆమోదించారు.

ముందు లక్ష్యాలు, తర్వాత పటం

సాధారణంగా ప్రజాభిప్రాయ సేకరణ పటం గీసిన తర్వాత మొదలవుతుంది. డెవలపర్ వస్తాడు, నమూనా వస్తుంది, రంగురంగుల చిత్రాలు గోడకెక్కుతాయి, ఆ తర్వాత ‘మీ అభిప్రాయం చెప్పండి’ అంటారు. అప్పటికి చెప్పగలిగేది ‘సరే’ అనో ‘వద్దు’ అనో మాత్రమే. మ్యూలర్‌లో వరుస మారింది. విమానాశ్రయం మూతపడటానికి మూడేళ్ళ ముందే, 1996లో, పౌరులతో ఏర్పడిన ఒక టాస్క్‌ఫోర్స్ ఆ నేలకు లక్ష్యాలను నిర్ణయించింది. నగర ఖజానాకు భారం కాకపోవడం, ఉపాధి, తూర్పు ఆస్టిన్ పునరుజ్జీవనం, చుట్టుపక్కల పేటలతో పొందిక, వైవిధ్యం మరియు అందుబాటు ధరలు, పర్యావరణానికి మేలు అన్నవి వాటిలో ముఖ్యమైనవి. పటం గీయడానికి శాన్ ఫ్రాన్సిస్కోకు చెందిన రోమా డిజైన్ గ్రూప్‌ను 1997లో పిలిచారు. వరుస సమావేశాల తర్వాత తయారైన ప్రణాళికను సిటీ కౌన్సిల్ 2000లో ఆమోదించింది. డెవలపర్ కటెల్లస్ రంగంలోకి వచ్చింది 2002లో. ఒప్పందం మీద సంతకాలైంది 2004 డిసెంబరులో. అంటే డెవలపర్ బల్ల ముందు కూర్చునేసరికి బల్ల మీద ప్రజల పత్రం సిద్ధంగా ఉంది.

ఆ పత్రానికి కొనసాగింపుగా ‘డిజైన్ బుక్’ అనే మార్గదర్శక గ్రంథం వచ్చింది. ఇంటి ముందు వరండా వీధికి దగ్గరగా ఉండాలి; కారు షెడ్డు వెనక సందులోకి పోవాలి; వరుస ఇళ్ళు, తోట చుట్టూ ఇళ్ళు, కింద దుకాణం పైన నివాసం ఉండే ఇళ్ళు, బయటికి ఒకే పెద్ద బంగళాలా కనిపిస్తూ లోపల నాలుగైదు కుటుంబాలుండే ఇళ్ళు కలగలిసి ఉండాలి. ఇవి అలంకారం కోసం పెట్టిన నియమాలు కావు. వీధి అరుగు మీద కూర్చుని దారినపోయేవారిని పలకరించే అలవాటున్న ఊళ్ళనుంచి వచ్చినవారికి వీటి ఉద్దేశం వెంటనే అర్థమవుతుంది.

పావు వంతు

ఆ పత్రంలో అన్నిటికంటే బరువైన అంశం ఒక సంఖ్య: కట్టే ఇళ్ళలో 25 శాతం మధ్యస్థాయికి దిగువ ఆదాయం ఉన్నవారికి అందుబాటులో ఉండాలి. కొనేవారికైతే ఆ ప్రాంతపు మధ్యస్థ కుటుంబాదాయంలో 80 శాతం, అద్దెకుండేవారికైతే 60 శాతం పరిమితి. ఆ ఇళ్ళు వేరే మూలన ఉండవు. మిగతా ఇళ్ళ మధ్యనే, బయటినుంచి చూస్తే తేడా తెలియకుండా ఉంటాయి. మళ్ళీ అమ్మేటప్పుడు పెరిగిన విలువంతా ఒక్క కుటుంబానికే పోకుండా, ఆ ఇల్లు తర్వాతివారికీ అందేలా కట్టుబాట్లు పెట్టారు.

ఇంకా రాని ఇరుగుపొరుగు కోసం కేటాయించిన చోటు ఇది. విచారణకు రాలేని మనిషి తరఫున ఆ పావు వంతు మాట్లాడింది. ఇది సాధ్యపడటానికి అసలు కారణం నేల నగరానిదే కావడం. యజమాని తన భూమి అమ్మేటప్పుడు షరతులు పెట్టవచ్చు. ప్రైవేటు భూమి మీద అదే పని చేయడానికి టెక్సాస్‌లో వీల్లేదు. ఇళ్ళ అమ్మకపు ధరలకు పరిమితి విధించే స్థానిక నిబంధనలను 2005లో రాష్ట్ర చట్టం నిషేధించింది. మ్యూలర్ ఎంత ముచ్చటగా ఉన్నా పక్క స్థలానికి నకలు తీయలేకపోవడానికి ఇదొక ముఖ్య కారణం.

నిచ్చెన మెట్లు

అమెరికాలో పట్టణ ప్రణాళిక చదివే ప్రతి విద్యార్థీ షెర్రీ ఆర్న్‌స్టైన్ 1969లో రాసిన వ్యాసాన్ని ఎదుర్కొంటాడు. కేంద్ర గృహనిర్మాణ శాఖలో మోడల్ సిటీస్ పథకానికి పనిచేసిన ఆమె, పౌర భాగస్వామ్యాన్ని ఎనిమిది మెట్ల నిచ్చెనగా చూపింది. అట్టడుగున జనాన్ని మభ్యపెట్టడం, పై మెట్టున పౌరుల చేతికే అధికారం. ‘సంప్రదింపు’ అన్నది నాలుగో మెట్టు. వినడం జరుగుతుంది గాని, విన్నదాన్ని పాటించే హామీ ఉండదు. పాలకూర తినడం మంచిదని అందరూ ఒప్పుకున్నట్టే పౌర భాగస్వామ్యాన్నీ అందరూ మెచ్చుకుంటారని ఆమె చమత్కరించింది. మ్యూలర్ చుట్టుపక్కలవారు నాలుగో మెట్టు దాటి పైకి వెళ్ళారనడంలో సందేహం లేదు.

అయితే నిచ్చెన ఎక్కినవారెవరు అన్నది వేరే ప్రశ్న. బోస్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన ముగ్గురు పరిశోధకులు మసాచుసెట్స్ ఊళ్ళలో ప్రణాళికా సమావేశాల మినిట్స్ చదివి 2019లో ఒక పుస్తకం ప్రచురించారు. మాట్లాడేవారిలో సొంతిల్లున్నవారు, పెద్ద వయసువారు, చాలాకాలంగా అక్కడే ఉంటున్నవారు జనాభాలో తమ వాటాకు మించి ఉన్నారని, వారిలో ఎక్కువమంది కొత్త ఇళ్ళను వ్యతిరేకించారని తేలింది. సాయంత్రం ఆరు గంటలకు రెండో షిఫ్టుకు వెళ్ళేవారు, చంటిపిల్లల తల్లులు, ఏడాది లీజు మీద ఉన్నవారు ఆ మినిట్స్‌లో అంతగా కనిపించరు.

ఆస్టిన్‌లోనే మరో ఉదాహరణ ఉంది. ఊరి మొత్తానికి భూవినియోగ నియమావళిని తిరగరాయాలని నగరం ఏళ్ళ తరబడి ప్రయత్నించింది. ప్రతి యజమానికీ విడిగా నోటీసు ఇవ్వనవసరం లేదన్న నగరం వాదనను 2020లో కోర్టు తోసిపుచ్చింది. 2022లో అప్పీలు కోర్టు కూడా అదే చెప్పింది. ఇప్పటికే ఆస్తి ఉన్నవారి హక్కు గెలిచింది. కొత్త నియమావళి వల్ల ఇల్లు దొరికి ఉండేవారు ఆ కేసులో కక్షిదారులు కారు, కాలేరు కూడా.

గోడకు అవతల

మ్యూలర్ ఇళ్ళు 2007 నుంచి నిండటం మొదలైంది. సరిగ్గా ఆ దశాబ్దంలోనే చుట్టూ ఉన్న తూర్పు ఆస్టిన్ ఖాళీ అవుతూ వచ్చింది. 2000కీ 2010కీ మధ్య ఆస్టిన్ జనాభా 20 శాతం పెరిగితే, ఆఫ్రికన్ అమెరికన్ల సంఖ్య తగ్గింది. వేగంగా పెరుగుతున్న అమెరికా మహానగరాల్లో ఇలా జరిగింది ఆస్టిన్‌లోనేనని టెక్సాస్ విశ్వవిద్యాలయ అధ్యయనం 2014లో చూపింది. దీనికి మ్యూలర్ ఒక్కటే కారణం కాదు. ఊరంతటా భూమి విలువ పెరిగింది. రాష్ట్ర ఆదాయపు పన్ను లేని టెక్సాస్‌లో ఆస్తి పన్ను బరువెక్కువ, ఇంటి విలువ పెరిగితే పన్నూ పెరుగుతుంది. కాని ‘తూర్పు ఆస్టిన్ పునరుజ్జీవనం’ అన్న లక్ష్యం ఏ కుటుంబాల పేరు మీద రాశారో, వాటిలో అనేకం ఫలితం చూడకుండానే వెళ్ళిపోయాయి. మధ్యస్థ ఆదాయంలో 80 శాతం అన్న గీత కూడా పాత తూర్పు ఆస్టిన్ కుటుంబాలు చాలావాటికి ఎత్తయినదే. పేట లోపల పావు వంతును కాపాడిన పత్రానికి, పేట వెలుపల ఒక్క అద్దె ఇంటిని కాపాడే శక్తి లేకపోయింది.

ఈ లోటు అమెరికాకే ప్రత్యేకం కాదు. అమరావతి ముసాయిదా ప్రణాళికను 2015 చివర్లో ప్రకటించి, అభ్యంతరాలు స్వీకరించి, 2016 ఫిబ్రవరిలో ఖరారు చేశారు. భూసమీకరణలో పొలం ఇచ్చిన రైతుకు బదులుగా ప్లాట్లు దక్కేలా ఒప్పందం రాసుకున్నారు. అదే పొలంలో కూలికి వెళ్ళే భూమిలేని కుటుంబానికి మొదట నిర్ణయించింది పదేళ్ళపాటు నెలకు 2,500 రూపాయల పెన్షన్. పట్టా ఉన్నవారితో సంప్రదింపు, లేనివారికి భృతి. పదిహేను రోజుల నోటీసు పుట్టిన నాటి ఆలోచనే ఇక్కడ మరో వేషంలో కనిపిస్తుంది.

టెక్సాస్ శివారు ఊళ్ళలో అద్దె అపార్టుమెంట్లలో ఉంటూ, ఎప్పటికైనా ఒక ఇల్లు కొనుక్కోవాలనుకునే తెలుగు కుటుంబాలు ఈ చరిత్రలో రెండు పాత్రలూ పోషిస్తాయి. అద్దెకున్నంతకాలం జోనింగ్ ఉత్తరం వారి పేరున రాదు. వీధి చివర కొత్త ఇళ్ళకు జరిగే విచారణలో వారు లేనివారి కిందే లెక్క. ఇల్లు కొన్న మర్నాటి నుంచి ఉత్తరం వస్తుంది. పక్క ఖాళీ స్థలంలో అపార్టుమెంట్లు కట్టవచ్చా అని అందులో అడుగుతారు. అప్పుడు మైకు ముందు నిలబడి ఏం చెబుతారన్నదాన్ని బట్టే, నిన్నటి తమలాంటివారికి ఆ ఊళ్ళో చోటు దొరకడం, దొరక్కపోవడం ఉంటుంది.